సొంత గోల్‌కీపర్ని పడగొట్టాక

నాకేదో తేడా చేసిందని మొదట గుర్తించింది మా గోల్‌కీపర్.

నేను ఐస్ హాకీలో డిఫెన్స్‌మన్‌ని. వెనక్కి జారుతూ, మా గోల్ మీదికి దూసుకొచ్చేవాణ్ణి భుజంతో ఆపడం నా పని. సింగపూర్‌లో, యీషున్ ఫ్లాట్‌లో పుట్టి పెరిగిన నేను చలిదేశాల చిన్న లీగుల్లో కొన్నేళ్లు జీతానికి ఆడి, తిరిగొచ్చి ఇక్కడి టీమ్‌లో చేరాను. అమ్మ మాత్రం చుట్టాలతో "హాకీ ఆడతాడు" అని ఊరుకునేది. ఐస్ అంటే ఐస్‌క్రీమ్ వ్యాపారం అనుకుంటారని ఆమె భయం.

ఆ రోజు ప్రాక్టీసులో నా తల రింక్ చుట్టూ ఉండే బోర్డుకి గట్టిగా కొట్టుకుంది. లేచి ఆడాను. కాసేపటికి మెడ తిప్పేసరికి రింకంతా గిర్రున తిరిగింది. మీదికొస్తున్న ఆకారాన్ని బలంగా గుద్దాను. కింద పడ్డవాడు నెమ్మదిగా, "బ్రో, నేను మన టీమే" అన్నాడు.

స్పెషలిస్టు దగ్గరికి అమ్మ కూడా వచ్చింది. "స్లైట్ గిడ్డీనెస్ ఓన్లీ, డాక్టర్" అన్నాను.

"నాట్ స్లైట్, డాక్టర్" అంది అమ్మ. గోడ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్తున్నానని, కంచాన్ని చూస్తూనే సాంబారు దాని పక్కన పోసుకున్నానని పూసగుచ్చినట్టు చెప్పింది. డాక్టరమ్మ నన్ను వదిలేసి అమ్మతోనే మాట్లాడటం మొదలుపెట్టింది.

MRI బాగానే ఉంది. Concussion, అంటే దెబ్బకి మెదడు అదిరింది అన్నారు. దానికి తోడు లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే చిన్న crystals చోటు తప్పాయట, దాని పేరు BPPV. వాటిని మళ్లీ చోటికి చేర్చడానికి Epley manoeuvre అని మంచం మీద పడుకోబెట్టి తల అటూ ఇటూ తిప్పారు. గది తిరుగుతుంటే ఫిజియోథెరపిస్టు చొక్కా పట్టుకున్నాను. గుండీ ఊడింది.

కళ్లు తిరగడం తగ్గింది. డాక్టరమ్మ సరేనన్నాక మళ్లీ ఐస్ మీదికి వెళ్లాను. మొదటిసారి వెనక్కి జారగానే భజనకి వచ్చినవాడిలా రింక్ మధ్యలో చతికిలబడ్డాను. తలనొప్పి కూడా తిరిగొచ్చింది. తలకి ఇది మొదటి దెబ్బ కాదు. పాత రిపోర్టులన్నీ చూసి డాక్టరమ్మ, "వాకింగ్ కెన్. జాగింగ్ కెన్. హాకీ, కెనాట్" అంది.

చిన్నప్పటినుంచి నాకు తెలిసిన పని అదొక్కటే. స్కేట్లు మంచం కిందికి తోసేశాను. ఒక సాయంత్రం అమ్మ బెండకాయలు తరుగుతూ, తలెత్తకుండానే అంది: "ఆడలేకపోతే ఆడించరా."

కోచ్‌ని అడిగాను. అలా మేనేజర్నయ్యాను. రింక్ టైమ్ బుక్ చేస్తాను, పోయిన mouthguardలు వెతుకుతాను, హలాల్ ఎవరికి, గుడ్డు లేనిది ఎవరికి అని భోజనాలు చెప్తాను. చెమట కిట్ బ్యాగులతో మా బ్లాక్ లిఫ్ట్ ఎక్కితే పొరుగు ఆంటీలు మర్యాదగా తర్వాతి లిఫ్ట్‌కి ఆగుతారు. నా కుర్రాళ్లు గెలిచిన రోజు, నేను ఆడి గెలిచినప్పటికంటే ఎక్కువ అరుస్తాను. పై అరలోని డబ్బా అందుకునేటప్పుడు ఇప్పటికీ అప్పుడప్పుడు తల తిరుగుతుంది. ఆగి, కూర్చుని, exercises చేసుకుంటాను.

నేను చెప్పగలిగేది ఒకటే. డాక్టర్ దగ్గరికి ఒంటరిగా వెళ్లకండి. మీతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లని తీసుకెళ్లండి. కాస్త పరువు పోతుంది, కానీ వైద్యం మాత్రం అసలు జబ్బుకే జరుగుతుంది.