యోసేపుగారి ఫర్నిచర్ బిజినెస్

ఈరోజు సాయంత్రం మా చర్చిలో పిల్లలచేత క్రిస్మస్ నాటకం రిహార్సల్ చేయిస్తుంటే మా సంఘపెద్దగారు వచ్చేరు. ఆయన రిటైరైన బ్యాంకు మేనేజరు. యేసు తండ్రి యోసేపు వేషం వాళ్ళ మనవడిదే.

"టీచరుగారూ, మావాడు అంతమందిలో నిలబడి 'నేను వడ్రంగిని' అంటే ఏం బాగుంటుందండీ? ఫర్నిచర్ బిజినెస్ అని మార్చండి," అన్నారు.

ఈయన నాన్నగారు రాజోలు చుట్టుపక్కల తోటల్లో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసి ఈయన్ని చదివించేరని ఊరందరికీ తెలుసు.

స్టేజీకి మేకులు కొడుతున్న మా వడ్రంగి అబ్రహాము సుత్తి పక్కనపెట్టేడు.

"ఆయ్, అలాగే మార్చేయండి టీచరుగారూ. బిజినెస్ ఉన్నాయనకి సత్రంలో చోటు లేదని ఎవరంటారండీ? పశువులపాకలో పుట్టాల్సిన బాబు ఏసీ రూములో పుడతాడు. గొర్రెల కాపరుల్ని గేటు దగ్గరే ఆపేస్తారు. నాటకం అక్కడితో అయిపోద్దండి," అన్నాడు.

పెద్దాయన కాసేపు నేలచూపులు చూసేరు. సిగ్గుపడ్డారనుకున్నాను.

"అయితే ఆ సత్రం ఓనరు వేషం మావాడికివ్వండి," అన్నారు.

ఇచ్చేసేను. యోసేపు వేషానికి మాత్రం ఇంకా ఎవరూ ముందుకు రాలేదు. కొడుకుని వడ్రంగి అంటే చిన్నబుచ్చుకోని విశ్వాసులు మీ సంఘంలో ఉంటే కాస్త చెప్పండి.