చిన్నాన్న అడిగిన దోసెడు నీళ్ళు

మా చిన్నాన్నగారు మొన్న ఏకాదశి తెల్లవారుజామున, రంగూన్‌లో మా ఇంట్లోనే పోయారు. కర్మలు కూడా అయ్యాయి. పోతూ ఆయన అడిగిన ఒక్క పని చేశానో, చెడగొట్టానో తెలియడం లేదు. ఎవరిని అడగాలో తెలియకే ఇన్నాళ్ళకు కలం పట్టాను.

ఆయన ఓడలో వంట చేసేవారు. పెద్ద యుద్ధం ముగిశాక ఓడ దిగి మా దగ్గరే ఉండిపోయారు. ఓడ లండన్ రేవులో ఆగినప్పుడల్లా తోటివాళ్ళు సారా కొట్టుకు పోతే, ఆయన అక్కడి పెద్ద పెద్ద చిత్రశాలలకు వెళ్ళేవారు. తిరిగి రాగానే, ఎంత చలిలోనైనా, తలస్నానం.

"అన్నీ పీనుగులే అమ్మీ. బాణాలు దిగినోడొకడు, తల తెగినోడొకడు. మైల కాదేటి?" అనేవారు.

మా అమ్మ బతికుండగా, "ఏటి మరిదీ, బొమ్మకి మైలేటి? చలికి నీ మతి పోనాది" అని నవ్వేది. ఆయనా నవ్వేవారు.

ఒక పటం మాట వస్తే మాత్రం నవ్వేవారు కారు. చనిపోయిన కొడుకును ఒళ్ళో పెట్టుకున్న తల్లి.

"ఎల్లినప్పుడల్లా సూత్తాను. ఇంకా అలాగే కూకునుంది. సుట్టూ అంతమంది దొరలు, దొరసానులు. మొయ్యడానికి నలుగురు లేరేటి?"

నన్ను మిషన్ స్కూలుకు పంపింది ఆయనే. అక్కడ చదివిందే చెప్పాను. "ఆయన వాళ్ళ దేవుడు, చిన్నాన్నా. మూడోనాడు లేచాడట."

"లేత్తే, ఆయమ్మకి ఎవరూ సెప్పనేదేటి?"



మంచాన పడ్డాక నా చెయ్యి పట్టుకుని, "నాకు నువ్వులూ నీళ్ళూ ఒదిలేటప్పుడు, ఆయమ్మ ఒళ్ళో గుంటడికీ ఓ దోసెడు ఒదిలించమ్మీ" అన్నారు. సరేనన్నాను.

కర్మనాడు నది ఒడ్డున పంతులుగారిని అడిగాను.

"గోత్రం?"

తెలియదన్నాను.

"పోనీ పేరు?"

చెప్పాను. ఆయన చేతిలో చెంబు కింద పెట్టేశారు. "రామ రామ! ఏమిటి తల్లీ, నన్ను కులంలోంచి వెలేయిస్తావా?"

కర్మ చేస్తున్న తమ్ముడు, "ఊరుకోయే అక్కా, నలుగురూ ఇంటన్నారు" అన్నాడు.

అందరూ మెట్లెక్కాక, మిగిలిన నువ్వులతో నేనే దోసెడు నీళ్ళు వదిలాను. ఆడదాన్ని, వదలకూడదు. బతికి ఉన్నవాడికైతే అసలే వదలకూడదు. లేచాడన్నది నిజమైతే నేను చేసింది పాపం. లేవకపోతే, చిన్నాన్న మాటే నిజం.

అప్పటినుంచి జపానికి కూర్చుంటే రాముడి ముఖం మనసుకు రావడం లేదు. నేనెన్నడూ చూడని ఆ తల్లి వస్తోంది. ఒడి ఖాళీగా ఉంది. కొడుకు లేచి వెళ్ళాడో, ఎవరైనా మోసుకుపోయారో తెలియదు. ఆమె తలెత్తి నా వైపే చూస్తోంది.

ఈ కాగితాలు ఎవరి చేతికొస్తే వారు దాచండి. ఎవరికీ చూపకండి.