రాతి పసివాడి మాడు

ఎనభైల మొదట్లో నేను అమెరికాలో ఒక మ్యూజియంలో, పాత రాతి బొమ్మలను శుభ్రంచేసే గదిలో పనిచేసేదాన్ని. ఆ ఏడు క్రిస్మస్‌కి చూపించడానికి మాకిచ్చినవి రినైసాన్స్ కాలంలో ఇటలీలో చెక్కిన యేసు జననం బొమ్మలు. ఎప్పుడో చర్చి కూలితే మిగిలినవి. మోకరిల్లిన మరియ, యోసేపు, మూతి విరిగిన గాడిద, నేలమీద బట్టలేకుండా వెల్లకిలా పడుకున్న పసివాడు. గొర్రెల కాపరులు దక్కలేదు. సున్నపురాయి చూడటానికి గట్టిదే గానీ ఏది తగిలినా పీల్చేసుకుంటుంది. గ్లవ్స్ లేకుండా మేం ముట్టుకునేవాళ్ళం కాదు.

అప్పుడు అమ్మ మా ఇంట్లో ఉంది. నా పురుటి కోసం గుంటూరు నుంచి, ఇంట్లో వండిన ఆముదం సీసా పట్టుకుని వచ్చింది. బాబు పుట్టినరోజే పోయాడు. అమ్మ సీసా మూత తీయకముందే ఆసుపత్రివాళ్ళు వాణ్ణి తీసుకుపోయారు. ఆ తర్వాత మేమిద్దరం వాడి మాటెత్తలేదు. కూరల గురించి, చలి గురించి మాత్రం తెగ మాట్లాడుకునేవాళ్ళం. ఇంట్లో ఉంటే అమ్మ మొహం చూడాలి. అది నావల్ల కాక తొందరగా పనిలో చేరిపోయాను.

ఒక శనివారం అమ్మను ఆ గదికి తీసుకెళ్ళాను. పసివాణ్ణి చాలాసేపు చూసి, ఇంత చలిలో ఒంటిమీద గుడ్డయినా కప్పలేదేమని అడిగింది. రాయికి చలేమిటని విసుక్కున్నాను. మరుసటి శనివారం తనే వస్తానంది. నేను నీళ్ళకని పక్కగదిలోకి వెళ్ళి వచ్చేసరికి నేలమీద చతికిలబడి, రెండు వేళ్ళతో ఆ రాతి నడినెత్తిన ఆముదం అద్దుతోంది.

"ఏం చేశావమ్మా?" అన్నాను.

"మాడు ఎండిపోయింది కదే. ఎవరూ పెట్టినట్టు లేదు," అంది.

ఆ గదికి పైవాడైన మా అమెరికన్ పెద్దాయనకు చెబితే కేకలు వేయలేదు. మీ మతంలో విగ్రహాలకు ఇలా పూజ చేస్తారా అని నెమ్మదిగా అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. మూడు తరాల ప్రొటెస్టెంటు మనిషి మా అమ్మ, బొమ్మకు దణ్ణం పెట్టమంటే చీపురు తిరగేసే రకం. పూజ కాదు, చంటిపిల్లలకు మా వైపు చేసేదే చేసిందన్నాను. ఎందుకన్నాడు. ఇంట్లో ఎత్తని బాబు మాట పరాయివాడికి ఇంగ్లీషులో చెప్పాల్సొచ్చింది.

రాయి పీల్చిన నూనె లాగడానికి తెల్లమట్టిని మందులో కలిపి, తలనొప్పికి శొంఠి పట్టు వేసినట్టు ఆ మాడుమీద వేసి, ఆరాక తీసేదాన్ని. ప్రతిసారీ మట్టి కొంచెం పచ్చబడి వచ్చేది. వారాల తరబడి అదే పని. ఇంకా లాగితే రాతి పైపొర లేచిపోతుందని చివరికి పెద్దాయనే ఆపమన్నాడు. లేత మచ్చ ఒకటి ఉండిపోయింది. జనానికి కనబడకుండా లైటు పక్కకు తిప్పారు.

ఇంటికొచ్చి, మొత్తం తీయలేకపోయామని అమ్మకు చెప్పాను. కందిపప్పు ఏరుతోంది, తలెత్తలేదు.

"మనవాడికి పెట్టలేకపోయానే," అంది.

పళ్ళెం పక్కకు జరిపి అమ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాను. అమ్మా ఏడ్చింది. కాసేపటికి లేచివెళ్ళి సీసా తెచ్చి, మిగిలిన ఆముదం నా మాడుకు పెట్టింది.