ఎర్రరాయి మీద సిమెంటు పూత

బీదర్‌లో మా తెలుగువాళ్ల మధ్య చాలాకాలం ఒక మాట నడిచింది. సార్ కట్టిన గోడలు నీళ్లు పీలుస్తాయని. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు ఆయన పేరు ఎత్తితే ఎవరో ఒకరు ఆ మాట అనేవారు. నమ్మకపోతే ఆయన కట్టిన ఆడపిల్లల హాస్టల్‌కు పోయి గోడ చూడమనేవారు. ఆ గోడకు తేమ పట్టిన మాట నిజమే. అందుకు కారణం సార్ కాదు, నేను. ఆ సంగతి అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

సార్ ఆర్కిటెక్టు. ఔరాద్ దగ్గరి పల్లెలో పుట్టి, పెద్ద నగరంలో చదివి, తోటివాళ్లంతా అక్కడే స్థిరపడితే తాను మాత్రం బీదర్‌కు తిరిగి వచ్చారు. ఇంటి ముందు గదే ఆఫీసు. నాదీ అటువైపే, చింతకి అనే ఊరు. డిప్లొమా చదివి, ఉద్యోగం ఎక్కడా దొరక్క ఆయన దగ్గర డ్రాయింగులు గీయడానికి చేరాను. సార్ భార్య కన్నడ బడిలో టీచరు. ఆమెను నేను అక్కా అనేవాణ్ణి. మధ్యాహ్నం బడి నుంచి వచ్చాక మా ఇద్దరికీ జొన్నరొట్టెలు పెట్టి, "ఇయ్యాల గీసిన దాంట్ల వంటిల్లు ఉన్నదా, మర్చిపోయిండ్రా?" అని అడిగేది. ఒకసారి నిజంగానే మర్చిపోయాం.

ఇల్లు గీయమని వచ్చినవాళ్లను సార్ ఎన్ని గదులని అడిగేవారు కాదు. బగ్దల్ నుంచి ఒక రైతు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు.

"పగటీలి అన్నం తిన్నంక మీ ఇంట్ల ఎవలు ఏడ కూసుంటరు?" అన్నారు సార్.

"ఏడ కూసుంటం సార్, నీడ ఏడుంటే ఆడ."

"గంతే. నాకు గదే కావాలె. ముందుగాల ఆ నీడ కడదాం, గదులు దాని ఎనక వస్తయి."

రైతు నావైపు చూసి, "ఈన ఆర్కిటెక్టేనా?" అని అడిగాడు. సార్ నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ రైతు ఇంటికి ఆయన గీసింది పెద్ద విచిత్రమేమీ కాదు. పైన పలచటి కాంక్రీటు కప్పు, దానికింద మందపాటి ఎర్రరాతి గోడలు, గోడల పొడవునా కూర్చునేందుకు అరుగు, కప్పుకు కాస్త కింద వేడిగాలి పోయేందుకు వరుసగా సందులు. కాంక్రీటును కొత్త పద్ధతిలో వాడేవారు. గోడ మాత్రం మా నేల గోడే.

బీదర్ ఎర్రరాయి గనిలో ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది, గొడ్డలితో కూడా చెక్కవచ్చు. బయటికి తీసి గాలికి పెడితే రానురాను గట్టిపడుతుంది. అందుకని సార్ ఎండాకాలంలో కోసిన రాయిని ఆ వానాకాలం గడిచేదాకా కట్టనిచ్చేవారు కాదు. రాళ్లు ఆరుబయట పేర్చి ఉండేవి. ఇల్లు కట్టించుకునేవాళ్లు వచ్చి ఆ రాళ్ల గుట్టను చూసి విసుక్కుని పోయేవారు. "ముహూర్తం దాటిపోతాంది సార్" అంటే, "రాయికి ఇంకా వాన పడలే. అది తడవాలె, ఆరాలె. గప్పుడు మనది" అనేవారు. కట్టిన తర్వాత కూడా రాయి పైన ఏమీ పూయనిచ్చేవారు కాదు. తడిసిన రాయి ఆరాలంటే దానికి గాలి తగలాలి. ఇందులో అర్థం కానిదేమీ లేదు. నాకు బాగా అర్థమయింది కూడా.

సరిహద్దు పల్లెల తెలుగు కుటుంబాలు కలిసి తమ ఆడపిల్లలు బీదర్‌లో ఉండి చదువుకోవడానికి హాస్టల్ కట్టించాలనుకున్నప్పుడు సార్ గీశారు. దాని డ్రాయింగులు చాలావరకు నా చేతి మీదుగానే నడిచాయి. నడుమ ఖాళీ వాకిలి, చుట్టూ అరుగులు. పిల్లలు అరుగు మీద కూర్చుని చదివేవారు, జడలు వేసుకునేవారు, తిండి బాగాలేదని వార్డెన్ మీద కుట్రలు చేసేవారు. పరీక్షల ముందు నీడ ఎటు తిరిగితే పుస్తకాలు అటు తిరిగేవి.

అప్పుడే హైదరాబాద్ మహా ఊపుగా పెరుగుతోంది. గుట్టలు తొలిచి అద్దాల మేడలు లేపుతున్నారు. మా ఊరి వైపు నుంచి డ్రైవర్లు, మేస్త్రీలు, చదువుకున్నవాళ్లు అందరూ అటే పోతున్నారు. నేనూ పోయి ఒక బిల్డరు దగ్గర చేరాను. సార్ ఒక్క మాట అడ్డు చెప్పలేదు. తన స్కేలు నాకు ఇచ్చి, "ఆడ కంప్యూటర్ల గీస్తరట గని, పెట్టుకో" అన్నారు.

కొన్నేళ్లకు హాస్టల్ కమిటీ నుంచి పిలుపు వచ్చింది. అధ్యక్షుడు ఔరాద్‌లో కందుల వ్యాపారం చేసే పెద్దమనిషి. హాస్టల్‌కు వచ్చిన తల్లిదండ్రులు గోడలు చూసి మొహం చిట్లిస్తున్నారని ఆయన బాధ. మావైపు పూత లేని గోడ అంటే కట్టుకుంటూ కట్టుకుంటూ పైసలు అయిపోయినవాళ్ల గోడ. "మా ఇంటికి పిల్లనియ్యడానికి వచ్చినోళ్లు గూడ అడుగుతుండ్రు తమ్మీ, మీ హాస్టల్ పని ఎప్పుడు ఒడుస్తదని. నువ్వు హైదరాబాద్ చూసినోనివి, ఏదన్న చెయ్యి" అన్నాడు.

నేను చేశాను. నిగనిగలాడే బూట్లతో వచ్చి, ఎర్రరాయి మొత్తానికి సిమెంటుతో ప్లాస్టరింగ్ చేయించి, పైన లేత పసుపు రంగు వేయించాను. దుమ్ము రాకుండా పై సందులు మూయించాను. గేటు దగ్గర నా పేరుతో పాలరాతి పలక కూడా పెట్టారు. సార్ తన పేరు ఎక్కడా వేయించుకోలేదు కాబట్టి ఆ భవనం మీద ఉన్న పేరు నాదొక్కటే.

సార్‌ను పిలిచాను. స్కూటర్ మీద వచ్చి, ఎప్పటిలాగే గోడకు అరచేయి ఆనిస్తూ వాకిలంతా తిరిగారు.

"పై సందులు ఏమైనయిరా?"

"దుమ్ము వస్తాందని మూసినం సార్."

"మరి గాలి?"

"ఫ్యాన్లు పెట్టినం."

"ఫ్యాను గాలి తేదురా, ఉన్నదాన్నే తిప్పుతది" అని నవ్వారు. స్కూటర్ ఎక్కబోతూ, "ఒక్క గోడన్న ఇడిసిపెట్టకపోతివి" అన్నారు. నేను వినిపించుకోనట్టు చాయ్ తాగిపొమ్మన్నాను. తాగి పోయారు.

ఒక వానాకాలం ఎలాగో గడిచింది. మరుసటి వానాకాలానికి రంగు పొక్కి లేచింది. ఎక్కడెక్కడి సన్నని పగుళ్ల నుంచో లోపలికి పోయిన నీళ్లకు బయటికి వచ్చే దారి లేదు. గదుల్లో తడి వాసన, పుస్తకాలకు బూజు. కమిటీవాళ్లు నన్ను పిలిపించి, తప్పు ఎక్కడుందని అడిగారు. గోడ చూడగానే నాకు తెలిసిపోయింది. కానీ గేటు దగ్గర నా పలక ఉంది, ఎదురుగా పదిమంది పెద్దమనుషులు ఉన్నారు. "తప్పు రాయిల్నే ఉన్నది. పాత పద్ధతి, గింతే ఉంటది" అన్నాను.

ఆ మాట నాకంటే ముందు బజారుకు చేరింది. ఊళ్లో సార్‌కు వచ్చే పని తగ్గిపోయింది. నేను చెప్పిన మాట ఆయన చెవినా పడింది, నాకు తెలుసు. తర్వాత కలిసినప్పుడు మాత్రం, "హైదరాబాద్‌ల అద్దాల బిల్డింగులకు కిటికీలు తెరుస్తరారా?" అని ఆసక్తిగా అడిగారు. తెరవరన్నాను. చాలాసేపు ఆశ్చర్యపోయారు. ఆ తర్వాతి ఏళ్లలో పల్లెలు తిరిగి, అడిగినవాళ్లకు అరుగులు, ధాన్యం కొట్లు, పశువుల పాకలు గీసి ఇచ్చారు. ఎప్పుడు చూసినా చేతికి ఎర్రమట్టి, మొహంలో హుషారు. ఆయన కష్టపడ్డారని రాస్తే నా మనసుకు కొంత శిక్ష పడినట్టు ఉండేది. కానీ అది అబద్ధం. ఆయన సంతోషంగానే కన్నుమూశారు.

హాస్టల్ పడగొట్టి షాపుల కాంప్లెక్స్ కడతారని, రాయి పాడయింది కాబట్టి తప్పదని విన్నప్పుడు నేను అక్క దగ్గరికి వెళ్లాను. బయట సన్నగా వాన. ఆ ఇంటి గోడలకు సార్ ఏ పూతా వేయలేదు. అవి ఎలా ఉండేవో అలాగే ఉన్నాయి.

"ఓహో, హైదరాబాద్ ఇంజనీర్ వచ్చిండు" అంది అక్క. చెప్పాల్సింది తల వంచుకుని చెప్పాను. క్షమించమన్నాను.

"నాకెందుకు చెప్తున్నవు? నాకు ఎర్కలేదా? మీ సార్ ఆనాడే చెప్పిండు. పోరడు భయపడ్డడు, వాడే వచ్చి చెప్తడు అన్నడు. గింత ఆలస్యం చేస్తవని ఆయనకు గూడ తెల్వది." రొట్టె నా పళ్లెంలో వేసి, "కమిటీల చెప్పు, పో. తిని పో" అంది.

చెప్పాను. ప్లాస్టరింగ్ నా ఆలోచన, సందులు మూసింది నేను, రాయి మీద నెపం పెట్టిందీ నేనేనని చెప్పాను. అధ్యక్షుడు కాసేపు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఇప్పుడు గోడ మంచిదంటవు, అప్పుడు రాయి ఖరాబన్నవు. ఏది నమ్మాలె తమ్మీ?"

"నన్ను నమ్మకుండ్రి మామా. వాన పడే దిక్కున ఒక్క గోడ పూత తీపిస్త, సందులు తెరిపిస్త. ఒక్క వాన చూడుండ్రి. గోడ ఆరకపోతే పడగొట్టుండ్రి."

అధ్యక్షుడు ఒప్పుకున్నాడు. "నీ పలక గూడ తీసెయ్యాల్నా?" అని అడిగాడు. ఉంచమన్నాను. ఖరాబు చేసినవాని పేరు కూడా తెలియాలి కదా అంటే, ఆ సమావేశంలో అందరూ నవ్వింది అప్పుడొక్కసారే.

పూత చెక్కుతుంటే లోపలి రాయి తడిసి నల్లగా ఉంది. కొన్ని దినాలకు ఎర్రబడింది. ఆ తర్వాత వాన వచ్చింది, తెల్లవార్లూ కొట్టింది. పొద్దున అధ్యక్షుడు, అక్క, నేను హాస్టల్ వాకిట్లో కుర్చీలేసుకుని కూర్చున్నాం. గోడ మళ్లీ నల్లగా మారింది. ఎండ వచ్చింది. ముందు పై వరుస రాయి ఎర్రబడింది, తర్వాత దాని కింది వరుస. మధ్యాహ్నం భోజనాల గంటకు ఇద్దరు పిల్లలు తడిబట్టలు తెచ్చి గోడ పక్క అరుగు మీద పరిచి, మేమంతా ఎందుకు గోడను చూస్తున్నామో అర్థంకాక గుసగుసలాడుకున్నారు.

అధ్యక్షుడు లేచి వెళ్లి గోడకు అరచేయి ఆనించాడు.

"ఆరింది" అన్నాడు మెల్లగా.

"ఏమన్నవు?" అంది అక్క.

"ఆరిందంటున్న అమ్మా."

"జర గట్టిగ చెప్పు అన్నా," అంది అక్క, కుర్చీలో వెనక్కి వాలి. "బజారుదాకా ఇనబడాలె."