శుక్రవారం శుభ్రం చేసిన కంప్యూటర్

మొన్న పొద్దున మిరప ధర ఎంత పలుకుతోందో చూద్దామని ఫోన్ తెరిస్తే, ధర కనిపించాల్సిన చోట అడ్డంగా ఒక పలక వచ్చి నిలబడి, మీ ఫోన్‌లో కుకీలు పెట్టుకుంటాం, ఒప్పుకుంటారా అని అడిగింది. చాలా మర్యాదగానే అడిగింది. ఆ మర్యాద చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఏళ్ల కింద ఇవే కుకీలు ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా ఇళ్లలోని కంప్యూటర్లలోకి దూరి కూర్చున్నప్పుడు ఈ మర్యాద ఏ గంగలో కలిసిందని ఫోన్‌ను పట్టుకుని పైకే తిట్టాను. వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసి, పొద్దుపొద్దున్నే ఫోన్‌తో కొట్లాట ఏందని నవ్వింది. ఆమెకు సంగతి తెలుసు కాబట్టి నవ్వి ఊరుకుంది. మీకు తెలియదు కాబట్టి చెబుతాను.

అప్పుడు నేను ఖమ్మంలో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉండేవాణ్ని. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ ఉండటమంటే ఇంటికి కొత్త అల్లుడు వచ్చినంత సంబరం. హాల్లో టీవీ పక్కన బల్ల, బల్ల మీద కంప్యూటర్, దాని మీద కుట్టుపూల గుడ్డ, పెట్టెకు పసుపు బొట్టు. ఖమ్మంలోనే ఖానాపురం హవేలి అనే పేటలో మా పెద్దనాన్న ఇంట్లోని కంప్యూటర్ నేను తెచ్చి పెట్టిందే. పెద్దనాన్న సర్కారు ఆఫీసులో ఉద్యోగం చేసేవాడు, ఎర్రుపాలెం నుంచి నన్ను తీసుకొచ్చి తన ఇంట్లో ఉంచుకుని చదివించాడు, ఆ రుణం నాకు ఎప్పుడూ ఉంది. దాన్ని పక్కన పెట్టి ఈ మాటలు రాయడం లేదు, దాన్ని నెత్తిన పెట్టుకునే రాస్తున్నాను.

ఆ కంప్యూటర్ తెరవాలంటే ఒక పేరు పెట్టాలి కదా, ఆ పేరు పెద్దనాన్నదే పెట్టాను. కరెంటు మీటరు ఆయన పేరు మీద ఉంది, గ్యాస్ బుక్కు ఆయన పేరు మీద ఉంది, ఫోన్ ఆయన పేరు మీద ఉంది, ఇంకేం కావాలి, కంప్యూటర్ కూడా ఇంటి పెద్ద పేరు మీదనే ఉండాలి. ఆయన కూర్చున్నా, పెద్దమ్మ కూర్చున్నా, వాళ్ల ఒక్కగానొక్క కూతురు కూర్చున్నా అందరూ ఆ ఒక్క పేరుతోనే తెరిచేవారు. నేను పెట్టిన ప్రతి ఇంట్లోనూ ఇదే పద్ధతి, ఎవరూ ఇదేమిటని అడిగింది లేదు.

పెద్దనాన్న కూతురు నాకు చెల్లెలు, నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఎర్రుపాలెంలో మా తాత మిరపతోటకు ముడత వచ్చి ఆకులన్నీ దోనెల్లా వంకర తిరిగిపోతే, దుకాణం వాడు ఇచ్చిన మందల్లా కొట్టి కొట్టి తాత చేతులకు దద్దుర్లు లేచాయి గానీ తోట నిలవలేదు. ఆ ఏడాది నుంచి ఈ పిల్లకు ఒకటే పట్టుదల, వ్యవసాయం చదవాలని. డాక్టర్ కాదు, ఇంజనీర్ కాదు, అశ్వారావుపేట అడవి పక్కన వ్యవసాయ కాలేజీ ఉంది, అక్కడ సీటు కావాలి, అంతే. ఫోన్ లైను మీద నత్తలాగా నడిచే ఆ ఇంటర్నెట్‌లో మిరపాకు బొమ్మ ఒకటి పైనుంచి కిందికి నింపాదిగా దిగుతుంటే బల్ల ముందు గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చుని చూసేది. ఎంసెట్‌లో మంచి ర్యాంకు కూడా తెచ్చుకుంది.

కంప్యూటర్ రోజురోజుకూ మందగిస్తోందని ఆమె ఒకసారి అడిగితే నేను ఒక చిట్కా చెప్పాను. చూసిన పేజీల పేర్లన్నీ హిస్టరీ అనే చోట పోగుపడతాయి, వారానికోసారి ఆ మీట నొక్కి తుడిచేస్తే బరువు తగ్గుతుందని. మా ఇళ్లలో శుక్రవారం ఇల్లు కడుగుతారు. ఆ పిల్ల బుద్ధిగా శుక్రవారం గడపకు పసుపు రాసి, కంప్యూటర్ గుడ్డ దులిపి, పెట్టెకు బొట్టు పెట్టి, హిస్టరీ కూడా తుడిచేది. ఇల్లు ఊడ్చినంత మామూలు పనిగా చేసేది. ఆ పనే ఆమె కొంప ముంచుతుందని నాకు కలలో కూడా తోచలేదు.

ఎంసెట్ ర్యాంకు వచ్చిన కొద్ది రోజులకు పెద్దనాన్న ఆఫీసులో ఒక పెద్దమనిషి ఆయన చెవిలో ఊదాడు. ఇంటర్నెట్ పెట్టుకున్న ఇళ్లలో ఆడపిల్లలు చెడిపోతున్నారట, హిస్టరీ అని ఒకటుంటుందట, అది నొక్కితే పిల్లలు ఏం చూశారో మొత్తం బయటపడుతుందట. పెద్దనాన్న ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా వెళ్లి నొక్కాడు. అది శుక్రవారం. లోపల ఏమీ లేదు. ఏమైనా ఉంటే చదివి ఊరుకునేవాడేమో గానీ, ఏమీ లేకపోవడం ఆయనకు పెద్ద నేరంగా కనిపించింది.

నేను అప్పుడు పినపాకలో ఒక స్కూలు కంప్యూటర్లలో పేరుకున్న ఎర్రటి దుమ్ము దులుపుతున్నాను. ఫోన్ చేసి వెంటనే రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు. మర్నాడు పొద్దున మణుగూరు నుంచి బస్సు పట్టుకుని ఎవరికేమైందోనని భయపడుతూ వచ్చాను. హాల్లో ఆయన వాలుకుర్చీలో ఉన్నాడు, పెద్దమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చింతపండు ఈనెలు తీస్తూ తల ఎత్తడం లేదు, చెల్లెలు లోపలి గది తలుపు పట్టుకుని నిలబడి ఉంది. నాకు మంచినీళ్లు కూడా ఎవరూ ఇవ్వలేదు.

"ఏందిరా ఇది? మొత్తం తుడిచిపెట్టింది. లోపట ఏం లేకపోతే ఎందుకు తుడుస్తది? ఏమున్నదో నువ్వే చూడు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, నిజంగానే నవ్వాను. నేనే తుడవమన్నాను, మందంగా నడుస్తోందంటే నేనే చెప్పాను, దాచడానికి అందులో ఏమీ లేదు అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపులో, చెల్లెల్ని వెనకేసుకొస్తున్నావు కదా అన్న మాట స్పష్టంగా కనిపించింది. నా మాట నమ్మలేదు. ఆయన నమ్మకపోవడం నాకు రోషం తెప్పించింది, నా పని మీదే అనుమానమా అనిపించింది. నాకు ఇరవై ఆరేళ్లు, ఖమ్మంలో సగం కంప్యూటర్లు నా చేతి మీద నడుస్తున్నాయన్న పొగరు. హిస్టరీ తుడిస్తే పోయేది పై పై ముచ్చటే పెద్దనాన్నా, లోపల దాచిన ఫైళ్లు వేరే ఉంటాయి, అవి ఎవరికీ కనపడవు, నేను తీసి చూపిస్తాను, నీ బిడ్డ ఏం చూసిందో నువ్వే చదువుకో అని బల్ల ముందు కూర్చున్నాను. అలా కూర్చున్న నా చెంప ఇప్పుడు పగలగొట్టాలనిపిస్తుంది.

దాచిన ఫైళ్లు కనపడేలా చేయడం పెద్ద విద్యేమీ కాదు, ఒక చోట టిక్కు తీసి ఇంకో చోట పెట్టాలి. కుకీల అర తెరుచుకుంది. కుకీ అంటే మనం ఒక పేజీ తెరిచినప్పుడు ఆ పేజీ వాళ్లు మన కంప్యూటర్‌లో ఒక మూల వదిలి పోయే చిన్న చీటీ. ఒక్కో చీటీకి ముందు కంప్యూటర్ తెరిచిన వారి పేరు, వెనక ఆ పేజీ పేరు ఉంటాయి. వందకు పైగా ఉన్నాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయం, మిరప తెగుళ్లు, ఫలితాల పేజీలు, పత్రికలు. చూడు, చూడు అని ఒక్కొక్కటి వేలు పెట్టి చదివి వినిపించాను. ఆయన వేలు మాత్రం వాటి మీద ఆగలేదు. తెర మీద జారుకుంటూ పోయి మధ్యలో నాలుగైదు పేర్ల దగ్గర ఆగింది. ఇంగ్లీషులో ప్రేమ, స్నేహం, ముచ్చట్లు అని అర్థం వచ్చే పేర్లు.

అవి ఎక్కణ్నుంచి వచ్చాయో నాకు ఆ క్షణంలోనే తెలుసు. ఆ రోజుల్లో ఫలితాల పేజీ తెరిస్తే చుట్టూ ప్రకటనలు ఎట్లా ఎగిరి మీద పడేవో మీకు గుర్తుండే ఉంటుంది, స్నేహితులు కావాలా, సంబంధం కావాలా అని. వాటిని ముట్టుకోనక్కర్లేదు, పేజీ తెరిస్తే చాలు, వాటి చీటీలు కూడా వచ్చి పడేవి. అదే చెప్పాను. ప్రకటనలు పెద్దనాన్నా, వాటంతట అవే వస్తాయి అన్నాను.

"ఇందాక ఏం లేదంటివి. ఇప్పుడు ఉన్నయ్ గని వాటంతట అవే వచ్చినయ్ అంటున్నవ్. నన్నేమన్న పిచ్చోణ్ని చేస్తున్నరా మీరిద్దరు?" అని లేచాడు.

ఇంకా చెప్పబోయాను, నోరు తడబడింది. చదువుకున్నవాడికి అర్థమయ్యేలా చెప్పడం నాకు రాలేదో, చెప్పినా ఆయన వినదలుచుకోలేదో, రెండూనో. ప్రతి చీటీ ముందూ ఆయన పేరే ఉంది. ప్రేమ పక్కన ఆయన పేరు, ముచ్చట్ల పక్కన ఆయన పేరు, అంత కొట్టొచ్చినట్టు తెర మీద ఉంటే, ఇవి నేను చూసినవా అని ఆయనకు ఒక్కసారైనా అనుమానం రాలేదు. పెద్దమ్మకు రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నోరు తెరిచి ఆ మాట అనే ధైర్యం నాకూ రాలేదు. ఇంటి పెద్ద పేరు అన్నిటి మీదా ఉంటుంది, తప్పు మీద తప్ప.

తిరుగు బస్సు కొత్తగూడెం దాటాక నాకు తట్టింది. ఆ ఫైళ్లను తారీఖు ప్రకారం పేర్చి ఉంటే అయిపోయేది. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు ఆ వీధి పిల్లలందరూ హాల్ టికెట్లు పట్టుకుని పెద్దనాన్న ఇంటికే వచ్చారు, ఆ రోజు పొద్దుటి నుంచీ కుర్చీలో కూర్చుని ఒంటి వేలితో నంబర్లు కొట్టి, పాసైన వాళ్ల పేర్లు గట్టిగా చదివింది పెద్దనాన్నే. చెల్లెలు వచ్చిన వాళ్లకు మజ్జిగ ఇస్తూ తిరిగింది. ఆ నాలుగైదు చీటీలు కచ్చితంగా ఆ రోజువే. పరుగెత్తుకుంటూ మళ్లీ వెళ్లాను. కంప్యూటర్‌కు వైర్లు పీకేసి, పాత దుప్పట్లో మూట కట్టి అటక మీద పెట్టేశారు. ఒక్కసారి దించనివ్వమని బతిమాలాను. దానికి చేయి తగిలితే ఈ గడప తొక్కొద్దన్నాడు.

ఆ వారంలోనే కౌన్సెలింగ్. హైదరాబాద్ వెళ్లాలి, తండ్రి సంతకం కావాలి. ఆయన సంతకం పెట్టలేదు, తీసుకెళ్లలేదు, ఆ రోజు మామూలుగా ఆఫీసుకు వెళ్లి వచ్చాడు. నేను తీసుకెళ్తానంటే పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని వద్దంది. సీటు పోయింది. ఆ తర్వాత ఖమ్మంలోనే డిగ్రీలో చేర్పించి, మూడేళ్లు పొద్దున స్కూటర్ మీద దింపి సాయంత్రం స్కూటర్ మీద తెచ్చుకున్నాడు. హాస్టల్ లేదు, అడవి పక్కన కాలేజీ లేదు, మిరప ఊసు లేదు. ఎంతో జాగ్రత్తగా బిడ్డను కాపాడుకున్నానని చివరిదాకా నలుగురికీ చెప్పుకున్నాడు. పోయిన మనిషిని అనకూడదంటారు. నేను అంటాను. నాకు అన్నం పెట్టిన మనిషి కాబట్టి ఇంకా ఎక్కువ అంటాను, ఎందుకంటే అంత మంచిగా ఉండగలిగిన మనిషి ఆ ఒక్క రోజు తన బిడ్డ మాట నమ్మి ఉండగలిగేవాడు.

చెల్లెలు ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. ఇద్దరు పిల్లలు, మంచి మనిషి బావగారు, ఏ లోటూ లేదు. ఆ సంగతి మేమిద్దరం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. పోయిన వేసవిలో ఎర్రుపాలెంలో చేను గట్టు మీద కూర్చున్నప్పుడు నేనే ఎత్తాను. ప్రకటనలు, తారీఖులు, ఒంటి వేలు, చీటీల మీద పెద్దనాన్న పేరు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. లాయరులా చెప్పాను. ఇన్నాళ్లకు ఆమెను నిర్దోషిగా తేల్చేశానని నాకు లోపల్లోపల కొంచెం గొప్పగా కూడా అనిపించింది. ఆమె అంతా విని, గడ్డిపరక తుంచుతూ, కోపం లేకుండా అంది.

"ఎవరి పేరుంటే ఏందన్నా, ఏ తారీఖైతే ఏంది. నేనేం చూడలేదని నాకు తెల్వదా? ఆ రోజు నాన్న చూడమన్నప్పుడు, నేను చూడను పెద్దనాన్నా, అది చెల్లె చదువుకునే జాగ అని నువ్వొక్క మాట అంటవేమోనని నేను తలుపు కాడ నిలబడి చూసిన. నువ్వు పోయి కుర్చీల కూసున్నవ్."

ఆమె లేచి కొంగు దులుపుకుని ఇంటి వైపు నడిచింది.

ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఒక ఫోన్, ప్రతి ఫోన్‌కూ ఒక తాళం, దాచిన ఫైళ్లు ఎక్కడుంటాయో తెలిసిన మాలాంటి వాళ్ల అవసరమే పెద్దగా లేదు. అయినా ఇప్పుడు నేను నడిపే ఫోన్ల రిపేరు దుకాణానికి ఇంకా కొందరు తండ్రులు, కొందరు మొగుళ్లు వస్తూనే ఉంటారు, ఇంటి ఆడవాళ్ల ఫోన్ జేబులోంచి తీసి, లోపల ఏముందో చూసిపెట్టమని గొంతు తగ్గించి అడుగుతారు. చూడనని చెబుతాను. గట్టిగానే చెబుతాను, పక్క దుకాణాలకు వినపడేలా చెబుతాను, గిరాకీ పోతే పోయిందనుకుంటాను. ఆ మాట అనడం ఎంత సులువో అన్న ప్రతిసారీ తెలిసి వస్తుంది. ఒక్క మాట, అంతే. దాని కోసం ఒక పిల్ల తలుపు పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు నేను అనలేదు.