నాంచారు గెడలో విన్నది

మా అత్తవారింట్లో దయ్యాల కథలు చెప్పేవాళ్ళకు కరువు లేదు. నేను వినేదాన్ని, నవ్వేదాన్ని. తెల్లవారకముందే మడ అడవి పక్కన మోకాలి లోతు బురదలో దిగి వలలు దులిపే ఆడది, దయ్యం ఎదురైతే, ముందు దాని నెత్తిన ఒక గంప పెడుతుంది. అప్పుడూ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. నేను చెప్పబోయేది పట్టపగలు, నా కళ్ళ ముందు, నా కూతురికి జరిగింది. నాతో పాటు ఇంకో ఇద్దరు చూశారు.

మాది దివిసీమలో, నాగాయలంక దాటాక, కృష్ణ సముద్రంలో కలిసే చోటుకు దగ్గరగా ఉన్న చిన్న పల్లె. అరవైల మొదట్లో సంగతి. మా నాంచారుకు నాలుగేళ్ళప్పుడు మెదడు జ్వరం వచ్చింది. పిల్ల బతికింది గానీ చెవులు పోయాయి. బందరు పెద్దాసుపత్రిలో చూపించాం. ఎవరో చెబితే గుడివాడలో చెవుల డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాం. ఆయన ఒక ఇనుప కడ్డీని మోగించి, పిల్ల చెవి వెనక ఎముకకు ఆనించి, దాని మొహంలోకి చూశాడు. పిల్ల ఆయన చొక్కా గుండీలు చూస్తూ కూర్చుంది. లోపలి నరం చచ్చిపోయిందమ్మా, ఇక రాదు అన్నాడు. మంచి మనిషి. లేని ఆశ పెట్టలేదు.

చెవులు పోవడం కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది మాటలు పోవడం. జ్వరానికి ముందు అది ఒట్టి వాగుడుకాయ. వినపడని మాటను పిల్లలు మర్చిపోతారని నాకు అప్పటిదాకా తెలియదు. ముందు కాకి, పిల్లి పోయాయి. తరవాత నీళ్ళు అనడం మానేసి చెంబు చూపించడం మొదలుపెట్టింది. ఏడో ఏడు వచ్చేసరికి దాని దగ్గర మిగిలినవి రెండే మాటలు. ఒకటి అన్నం, రెండోది అమ్మ. ఆ రెండోది కూడా వాడి వాడి అరిగిపోయిన సబ్బుముక్కలా 'మ్మా' అయి కూర్చుంది. ఆ కాస్తా ఏ రోజు కరిగిపోతుందోనని పొద్దున్నే దాని నోటి వంక చూసేదాన్ని.

ఆ చలికాలం బందరు కాలేజీలో జంతువుల చదువు చెప్పే మాస్టారు ఒకాయన మా రేవు పక్కన పాక తీసుకుని దిగాడు. ఆయనకు కావలసింది గొరక చేప. నీళ్ళలోంచి తీయగానే గొర్ గొర్ మంటుంది కాబట్టి దానికి ఆ పేరు. అది నోటితో అరవదట. దాని పొట్టలో గాలితిత్తి ఉంటుంది, ఆ తిత్తికి రెండు పక్కలా ఎర్రటి పల్చటి కండ ఉంటుంది, ఆ కండ వణికితే తిత్తి డోలులా మోగుతుంది. అలాగే పుర్రె లోపల, చెవులుండే చోట, రెండు తెల్లటి రాళ్ళుంటాయి. వాటి సాయంతోనే అది వింటుందట. ఆ కండ ఏ ఎముకకు అతుక్కుంది, ఆ రాయి ఏ గూట్లో కూర్చుంది, మగ చేపకెలా, ఆడ చేపకెలా, ఇదీ ఆయన పరిశోధన.

రేవులో ఆడవాళ్ళకు ఆయన మంచి కాలక్షేపం. డబ్బిచ్చి చేపలు కొంటాడు, తినడు. "చేపతో మాట్లాడ్డం నేర్చుకుంటున్నాడంట. ఇంటికాడ పెళ్ళాం ఏం మాట్లాడిందో, ఇట్టా పారిపోయొచ్చాడు" అనేది మా అత్త. ఆ మాట ఆయన చెవిన పడింది. నవ్వి, మీ అత్తగారికి సగం తెలుసు అన్నాడు నాతో.

నేను ఆయనకు చేపలు కడిగి, పొలుసు గీకి ఇచ్చే పనికి కుదిరాను. నాంచారును వెంట తీసుకెళ్ళేదాన్ని. ఆ పాకలో మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కలలోలా కనపడతాయి. పోటు మీదున్న నీళ్ళ మీద ఎండ పడి, దాని వెలుగు తాటాకు కప్పు లోపలివైపు అలలు అలలుగా కదిలేది. కింద బల్ల మీద చేప గుండుసూదుల మధ్య తెరిచి ఉండేది. మాస్టారు చిన్న చిమటాతో ఆ ఎర్ర కండను ఎత్తి చూపిస్తే తమలపాకంత పల్చగా, ఈనెలు ఈనెలుగా ఉండేది. మనం కూరలో వేసుకునే చేపేనా ఇది అనిపించేది. ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ముగ్గురం నీళ్ళ అడుగున కూర్చున్నట్టుండేది.

నాంచారు తలరాళ్ళను అరచేతిలో పెట్టుకుని వెలుగుకు పట్టి చూసేది. ఒకసారి రాయి తీసుకెళ్ళి తన చెవికి ఆనించుకుని నా వంక చూసింది. దానికి ఎవరూ చెప్పలేదు అది చెవి రాయని. సిగ్గు విడిచి మాస్టారును అడిగాను, ఇలాంటి రాయి పెడితే దీనికి వినపడదా అని. ఆయన నవ్వలేదు. "రాయి వినదమ్మా. రాయి కదిలితే పక్కనున్న నరం వింటుంది. నీ బిడ్డకి రాయి ఉంది, నరం లేదు" అన్నాడు. డాక్టరు చెప్పిందే ఇంకోలా చెప్పాడు. ఆ రోజు తరవాత మళ్ళీ అడగలేదు.

గొరకలు గుంపుగా పాయలోకి వచ్చే రోజులు అవి. అవి ఎక్కడున్నాయో మావాళ్ళు చెవితోనే కనిపెడతారు. పడవ ఆపి, దాన్ని నెట్టే వెదురు గెడను నీళ్ళలోకి దించి, పై కొసకు చెవి ఆనిస్తారు. అడుగున చేపలు మోగుతుంటే ఆ మోత వెదురులోంచి పైకి వస్తుంది. అది తాను కూడా వినాలని మాస్టారు పట్టుబట్టాడు. ఒక రోజు మధ్యాహ్నం మా ఆయన పడవ తీశాడు. మాస్టారు, నేను, నాంచారు ఎక్కాం.

గాలి లేదు. మడ చెట్లు నీళ్ళలో తలకిందులుగా నిలబడి ఉన్నాయి. కొంత దూరం పోయాక నీళ్ళెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. మా ఆయన గెడ దించి విన్నాడు, తల ఊపాడు. మాస్టారు విన్నాడు. చాలాసేపు లేవలేదు. లేచాక ఆయన కళ్ళు చెమ్మగా ఉన్నాయి. చచ్చినవాటిని కోసి కోసి, ఇన్నాళ్ళకి బతికున్నవాటి గొంతు విన్నానన్నాడు.

అందరూ చేస్తున్నారు కదా అని నాంచారు కూడా గెడ దగ్గరికి జరిగింది. నేను వెనక్కి లాగబోయాను. దాని మొహం చిన్నబోవడం చూడలేక. మా ఆయన "విననీయవే. దాని సరదా దానిది" అన్నాడు.

అది చెవి పెట్టలేదు. గెడ కొసను పళ్ళతో పట్టుకుంది, చెరుకుముక్క కొరికినట్టు. కళ్ళు మూసుకుంది. నా వైపు దాని వీపు ఉంది. అలా ఉండి ఉండి, గెడ వదలకుండానే, మాట్లాడటం మొదలుపెట్టింది.

నెలల తరబడి రెండు మాటలు దాటని పిల్ల. నోట్లో గెడ ఉండటాన మాట ముద్దగా వచ్చింది గానీ ప్రతిదీ తెలిసింది. "సీతాలూ" అంది ముందు. తరవాత "నాంచారూ... ఆగవే. అటు కాదమ్మా, లోతు. ఇటు రా. నా బంగారు తల్లివి కదూ. మరమరాల ఉండ పెడతా, రా."

మా ఆయన, మాస్టారు పిల్లకు మాట వచ్చిందని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అవి నా మాటలు.

జ్వరం తగ్గి పిల్ల మంచం దిగిన మొదటి రోజు, నేను చూసేలోపు బాతుల వెంట పడి ఇదే పాయలోకి దిగింది. నీళ్ళు నడుము దాటాయి. నేను గట్టు మీది నుంచి పిలుస్తూ పరిగెత్తాను. కంగారులో నోరు తడబడి ముందు సీతాలూ అన్నాను. సీతాలు నా చెల్లెలు. నేనే ఎత్తుకుని పెంచాను. నా పెళ్ళికి ముందే పోయింది. అత్తవారింట్లో ఆ పేరు నేను ఎప్పుడూ ఎత్తలేదు. తరవాత పిల్లను దాని పేరు పెట్టి పిలిచాను, బతిమాలాను, తాయిలం ఆశ చూపించాను. అది వెనక్కి తిరగలేదు. నేనే నీళ్ళలో దిగి లాక్కొచ్చాను. అలా తెలిసింది నాకు దానికి వినపడటం లేదని. అప్పుడు గట్టు మీద మనిషన్నవాడు లేడు. ఏమేం అని పిలిచానో నాకే గుర్తు లేదు. మూడేళ్ళ తరవాత పిల్ల నోట వరసగా వస్తుంటే ఒక్కో మాటా గుర్తొచ్చింది.

అంతటితో అయిపోలేదు. నాంచారు గెడ వదిలింది. కళ్ళు తెరిచి, స్పష్టంగా, "వస్తన్నానమ్మా" అంది.

నేను దాని వెనకే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. అది నా వైపు తిరగలేదు. గట్టు వైపు చూసి అంది. ఆ రోజు నేను పరిగెత్తిన గట్టు వైపు. నేనూ చూశాను. ఎండ, రెల్లు తప్ప ఏమీ లేదు. చూస్తే గట్టు మీద నేనే కనపడతానేమోనని భయపడుతూనే చూశాను.

మా ఆయన పడవ తిప్పాడు. ఆ రోజు వల వేయలేదు.

మాస్టారు మాత్రం వదల్లేదు. పాకలోకి రాగానే పిల్ల వెనక తపేలా మోగించాడు. అది తిరగలేదు. గెడ కొస మళ్ళీ పళ్ళకు ఆనించి, రెండో కొస మీద కొట్టాడు. అది ఆయన్ని చూసి నవ్వింది, అంతే. ఆ మాటలు ఎప్పటివో, ఎవరివో చెప్పాను. నీ పెదాలు చూసి నేర్చుకుందేమో అన్నాడు. బాతుల వెంట పడ్డ రోజు దాని వీపే నా వైపు ఉందని చెప్పాను. ఎవరైనా చెప్పి ఉంటారా అన్నాడు. వినపడని పిల్లకు ఎవరు చెబుతారు, నాకే గుర్తు లేని మాటలు? గెడను పక్కన పెట్టి, "ఎముక దారి ఇస్తుందమ్మా. కానీ దారి చివర వినేవాళ్ళుండాలి. నీ బిడ్డ దగ్గర ఆ వినేది లేదు. నాకు తెలిసిన చదువు ఇక్కడితో సరి" అన్నాడు. పొద్దున కొని తొట్టి నీళ్ళలో ఉంచిన గొరకలను ఆ పూట ఆయన కోయలేదు. నాతో మళ్ళీ నీళ్ళలో వదిలిపెట్టించాడు.

నాంచారుకు వినికిడి రాలేదు. కానీ మాట నిలబడింది. మర్నాడు పొద్దున లేచి 'అమ్మా' అంది, ముందు అక్షరంతో సహా. వారం తిరక్కముందే నీళ్ళు అంది, పిల్లి అంది. ఎక్కడ దాచుకుందో, ఒక్కొక్కటే తెచ్చి ఇచ్చింది. మాస్టారు ఉత్తరం రాసి పంపి, చెవిటి పిల్లల బడిలో చేర్పించాడు. దూరపు ఊరు. సెలవులకు వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దించింది నాంచారే. దానితో మాట్లాడాలంటే నాకు అక్షరం రావాలి. వలలు అల్లిన వేళ్ళు బలపం పట్టడానికి చాలా గునిశాయి.

చదువు వచ్చాక పలక మీద రాసి అడిగాను, ఆ రోజు గెడలో ఏం విన్నావని. అది ఆలోచించింది. పడవ గుర్తుంది, గెడ రుచి ఉప్పగా ఉండటం గుర్తుంది, ఇంకేమీ గుర్తు లేదంది.

నేనూ గెడకు పళ్ళు ఆనించి చూశాను, ఒకసారి కాదు. గొరకలే మోగాయి. ఆ పిలుపు మూడేళ్ళు ఎక్కడుందో, వినలేని పిల్లకే ఎందుకు వినపడిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసిందని ఎవరైనా అంటే నమ్మను కూడా.

ఒక్క అలవాటు మాత్రం పడింది. రేవులో ఆడవాళ్ళు జుట్లు పట్టుకునే దాకా వస్తే, ఆ తిట్లేవో గట్టెక్కి తిట్టుకోండే అని పైకి పంపిస్తాను. చేపలు విని ఏడుస్తాయా అని వెక్కిరిస్తారు. వెక్కిరించనీ. నీళ్ళ దగ్గర అనే మాట ఎవరికి చేరుతుందో, ఎన్నాళ్ళకు చేరుతుందో మనకేం తెలుసు.