జత లేని పాప

నా రాత బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి. మన్నించి చదవండి.

నేను నంద్యాలలో బస్సు కండక్టరుగా చేసి రిటైరయినవాణ్ణి. ఆళ్లగడ్డలో ఒక బడివాళ్లు పిల్లల విహారయాత్ర ఏర్పాట్లు సరిచేయమని నన్ను వారం రోజులకు పిలిచారు. పోయినసారి ఒక పిల్లవాణ్ణి వదిలేసి బస్సు బయలుదేరిందట. అందుకని పిల్లలను జతలు చేసి, ఎవరి జతను వాళ్లే కనిపెట్టుకోవాలని చెప్పాను. ఈ రోజు మైదానంలో అలా నడిపించి చూస్తే, ఆరో తరగతి పాప ఒక్కతే మిగిలింది.

"ముగ్గుర్ని చేసేస్తే సరిపాయె పెద్దాయనా, దాందేముందీ," అన్నాడు పంతులు.

"వాళ్లిద్దరూ మాట్లాడుకుంటా పోతారు తాతా. నేను యాడన్నా నిలబడిపోతే ఎవురు చూస్తారు?" అంది పాప.

జతలు రాసుకున్న కాగితంలో ఆమె పేరు పక్కన నా పేరు రాసేశాను. పాప అది చదివి, తలూపి వెళ్లింది.

నా పని రేపటితో అయిపోతుంది. బెలుం గుహలకు యాత్ర మాత్రం ఆ తర్వాత, శనివారం. నన్నూ బస్సెక్కించుకోండని హెడ్మాస్టరును అడగాలని రెండుసార్లు ఆయన గది దాకా పోయి వెనక్కి వచ్చాను. ముప్పై ఏళ్లు టికెట్ టికెట్ అని అరిచిన నోరు, ఆ ఒక్క మాటకు లేవలేదు. ఇంటికొచ్చినా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. రేపు పొద్దున ఎట్లా మొదలుపెట్టి అడగాలో, తెలిసినవాళ్లు తొందరగా రాయండి.